తెరిచినా కుర్చీలు నావే, మూసినా కుర్చీలు నావే

ప్రభుత్వం అన్నది మాట మీద నిలబడకూడదు! పొరపాటున కూడా నిలబడకూడదు. అది మాట మీద నిలబడిన రోజున నేనూ, మా ఆవిడా, మా లారీ డ్రైవరూ ముగ్గురం వీధిన పడతాం.

పోయిన వారం ఈ పత్రికకు ఉత్తరాలు రాసిన పాఠకులు తెగ ఆవేశపడ్డారు. పన్నెండేళ్ళ కిందట పైనున్న పెద్దలు పరిశ్రమల జోలికి ప్రభుత్వం పోకూడదన్నారట. ఇప్పుడేమో పరిశ్రమల్ని ప్రభుత్వమే చెయ్యి పట్టుకుని నడిపించాలంటున్నారట. ఇదేం నిలకడ అని అడుగుతున్నారు. నిలకడ కావాలట! అయ్యా, అమ్మా, నిలకడగా ఉండేది గుంటలో నీరు. అందులో ఏం పుడతాయో మీకు తెలుసు. దోమలు!

నన్ను ఎరగనివాళ్ళ కోసం రెండు మాటలు. నా పేరు నోయెల్. అడిలైడ్‌కి ఉత్తరాన మన ఎల్మ్‌స్టెడ్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా టెంట్ హౌస్ నడుపుతున్నాను. షామియానాలు, కుర్చీలు, మైకు, ఎర్ర రిబ్బను, రిబ్బను కోసే పెద్ద కత్తెర, మంత్రులు తొడుక్కునే నారింజరంగు జాకెట్లు, తెల్ల టోపీలు, అన్నీ అద్దెకిస్తాను. పెళ్ళిళ్ళూ చావులూ నాకు చిల్లర బేరాలు. నా కుటుంబాన్ని పోషించింది ఆర్థిక సిద్ధాంతాలు.

నవ్వకండి! ప్రభుత్వం ఏదైనా తెరవాలంటే సభ. మూసెయ్యాలంటే సభ. తెరవాలా మూయాలా అని ప్రజల అభిప్రాయం అడగాలంటే మూడు సభలు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగాడట ఇంకొకడు. ఆ రెండోవాణ్ణి నేనే. మొహమాటం లేకుండా ఒప్పుకుంటున్నాను.

డాక్టర్ ఎలిస్టర్ ఫించమ్‌గారిని మన ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆయన మందులిచ్చే డాక్టరు కాదు, ఆర్థికశాస్త్రం డాక్టరు. మందివ్వడు, రోగి పోయాక కారణం రాసిపెడతాడు. పన్నెండేళ్ళ కిందట ఆయన మొదటిసారి మన టౌన్ హాలుకి వచ్చినప్పుడు రెండు వందల కుర్చీలు వేశాను. మన కార్ల ఫ్యాక్టరీకి ప్రభుత్వం సాయం చెయ్యాలా, మానాలా అన్నది ఆనాటి విషయం.

"ఏ పరిశ్రమ బతకాలో, ఏది పోవాలో మార్కెట్టు తేలుస్తుంది. ఏ గుర్రం గెలుస్తుందో ప్రభుత్వానికి ఎలా తెలుస్తుంది చెప్పండి?" అన్నాడాయన. ఎంత బాగా చెప్పాడో! పక్కనే ఎన్నికల్లో గెలిచిన మంత్రిగారు కూర్చుని తలూపుతున్నాడు.

వెనక వరసలోంచి మెర్విన్ ట్రెలోర్ లేచాడు. మెర్వ్ అప్పటికి ఆ ఫ్యాక్టరీలో టూల్ రూమ్ ఫోర్‌మన్. కారు తలుపు రేకుని ఒత్తే ఉక్కు అచ్చులు తయారయ్యేది ఆ గదిలోనే.

"సార్, గుర్రాల సంగతి ప్రభుత్వానికి తెలీదంటున్నారు. మరి గుర్రప్పందేల రోజున రాష్ట్రమంతటికీ సెలవెందుకిస్తన్నట్టు?" అన్నాడు.

హాలంతా గొల్లుమంది. డాక్టర్‌గారు కూడా నవ్వారు. నవ్వుతూనే రిపోర్టు రాశారు. ఫ్యాక్టరీ మూతబడింది.

మూతబడిన రోజు చూడాలి! ఆరు వందల కుర్చీలు, బ్యాండు మేళం, ఆఖరి కారు చుట్టూ పూలు. మూడు తరాలు పనిచేసిన కుటుంబాలు వచ్చి ఆ కారు బానెట్ నిమిరి వెళ్ళాయి. కళ్ళు తుడుచుకునే కాగితాల పెట్టెలు మాత్రం నేను ఊరికే ఇచ్చాను. నేనూ మనిషినే కదా!

తర్వాత వేలం. రేకుల్ని ఒత్తే మూడంతస్తుల ఎత్తున్న ప్రెస్సులు పాత ఇనుము కింద అమ్ముడుపోయాయి. అచ్చులూ అంతే. మెర్వ్ మాత్రం ఒకే ఒక్క వస్తువు పాడుకున్నాడు. టూల్ రూమ్ మధ్యలో ఉండే పోత ఇనుప బల్ల. పెద్ద మంచమంత ఉంటుంది. దాన్ని వాళ్ళు సర్ఫేస్ ప్లేట్ అంటారు, పని చేసేవాళ్ళు ముద్దుగా బల్ల అనేస్తారు. ఆ గదిలో ఏది సమంగా ఉందో, ఏది లేదో తేల్చేది ఆ బల్లే.

పద్ధతి చెబుతాను వినండి. బల్ల మీద పల్చగా నీలం రంగు పులుముతారు. చేసిన వస్తువుని దాని మీద బోర్లించి తీస్తారు. ఎక్కడ నీలం అంటుకుందో అక్కడ ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ చేత్తో గీకుతారు. మళ్ళీ బోర్లిస్తారు, మళ్ళీ గీకుతారు. వెంట్రుక మందంలో పదో వంతు తేడా కూడా మిగలకుండా అలా పొద్దున్నించి సాయంత్రం దాకా గీకుతారు. ఏ మిషనూ చెయ్యలేని పని అది. మెర్వ్ గోళ్ళ కింద నీలం ఎప్పుడూ పోదు. వాళ్ళావిడ అంత్యక్రియలకి కూడా ఆ నీలం గోళ్ళతోనే వచ్చాడు.

ఆ బల్లకొక ఆచారం ఉంది. దాని మీద ఏదీ పెట్టకూడదు. టీ కప్పు కాదు కదా, కాగితం కూడా! ఒకప్పుడు జనరల్ మేనేజరు మాటల్లోపడి కప్పు పెట్టబోతే, ఇరవై రెండేళ్ళ మెర్వ్ ఆ కప్పు అందుకుని, "మీ ఇంట్లో పియానో మీద పెడతారా సార్ దీన్ని?" అని మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టాడట. ఆ కథ మన ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు. ఈ విషయం గుర్తు పెట్టుకోండి, తర్వాత నాకు ఇబ్బంది కలిగిస్తుంది.

ఫ్యాక్టరీ పోయిందని ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందనుకున్నారా? అబ్బే! ఉద్యోగం పోయినవాళ్ళందరికీ కొత్త నైపుణ్యాలు నేర్పించింది. పెయింట్ షాపులో పాతికేళ్ళు చేసిన ఆయనకి గోళ్ళరంగు వెయ్యడం నేర్పారు. వెల్డింగ్ చేసే ఆవిడకి ధ్యానం నేర్పించడం నేర్పారు. అరవై రెండేళ్ళ మెర్వ్‌కి కాఫీ చెయ్యడం నేర్పారు. నలభై ఏళ్ళు ఉక్కుని వెంట్రుకవాసికి సరిచేసిన చెయ్యి కదా, పాలనురుగు మీద ఆకు బొమ్మ మొదటి రోజునే వచ్చేసింది! ఆరు వారాలకి రాజముద్రతో సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ సభకి నావి నలభై కుర్చీలు.

అచ్చులు చేసేవాళ్ళే అక్కర్లేనప్పుడు వాళ్ళని తయారు చేసే బడెందుకు? వృత్తి కళాశాలలో టూల్ మేకింగ్ విభాగం ఎత్తేశారు. ఆ సభకి ఎనభై కుర్చీలు. ఆ పని నేర్పేవాళ్ళకి పంతులు పత్రాలిచ్చే ఆఫీసు దండగని ఇంకో రిపోర్టు వచ్చింది. దాన్నీ ఎత్తేశారు. దానికి పన్నెండు కుర్చీలే అడిగారు, అవీ సగం ఖాళీగానే ఉన్నాయి.

ఫ్యాక్టరీ షెడ్డులో పార్సిళ్ళ గోదాము వచ్చింది. మనం ఒకప్పుడు చేసిన వస్తువులన్నీ ఇప్పుడు ఓడలో వచ్చి, మనం వాటిని చేసిన చోటే దిగుతాయి. మార్కెట్టు తేల్చిన న్యాయం! అందులో లోపమేముంది?

తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. మహమ్మారి వచ్చింది. ఓడలు ఆగాయి. మూతికి కట్టుకునే గుడ్డకి ముక్కు దగ్గర ఉండే తీగ వంచడానికి కూడా దేశంలో అచ్చు లేదని బయటపడింది. పెద్దవాళ్ళు ఉలిక్కిపడ్డారు. పక్క దేశాల ప్రభుత్వాలు పరిశ్రమల్ని పసిపిల్లల్లా సాకుతున్నాయని హఠాత్తుగా తెలుసుకున్నారు. అంతకుముందు ముప్ఫై ఏళ్ళ నుంచీ సాకుతూనే ఉన్నాయనుకోండి.

ఏ ఎండకా గొడుగు పట్టడం తప్పని ఎవరన్నారు? ఎండ మారితే గొడుగు మార్చనివాడికి వడదెబ్బ తగులుతుంది! డాక్టర్ ఫించమ్‌గారు మళ్ళీ దిగారు. అదే టౌన్ హాలు, అవే రెండు వందల కుర్చీలు. ఒక కాలు కుంటి కుర్చీ ఒకటుంది నా దగ్గర. రెండుసార్లూ ఆయనకి అదే పడింది. సిద్ధాంతం మారినా ఊగడం మాత్రం మారలేదు.

"వ్యూహాత్మక పరిశ్రమలకి రాజ్యం దారి చూపించి తీరాలి!" అన్నారాయన. వెనక తెర మీద బొమ్మలన్నీ పాతవే. పైకి ఎక్కే గీతని కిందికి తిప్పారు, కిందికి దిగే గీతని పైకి తిప్పారు. అంతే. ఎంత పొదుపు!

మెర్వ్ మళ్ళీ వెనక వరసలోంచి లేచాడు. ఈసారి లేవడానికి కాస్త టైము పట్టింది.

"సార్, పోయినసారి గుర్రాల సంగతి తెలీదన్నారు. ఇప్పుడు తెలిసిందా?"

"ఇప్పుడు గుర్రాన్ని ఎంచుకోవడం లేదు మెర్వ్. మంచి పచ్చిక తయారుచేస్తున్నాం."

"బాగుంది. గుర్రాల్ని అమ్మేశాక పచ్చికెవరు మేస్తారు సార్?"

హాలు నవ్వలేదు ఈసారి. కానీ డాక్టర్‌గారు ఆ మాట తన నోటుబుక్కులో రాసుకున్నారు. ఆయనలో నాకు నచ్చే గుణం అదే, ఏదీ వృథా పోనివ్వడు.

ఇక్కడ థావో సంగతి చెప్పాలి. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. వాళ్ళ తాతలు వియత్నాం నుంచి పడవలో వచ్చారు, వాళ్ళమ్మ ఇదే కార్ల ఫ్యాక్టరీలో సీటు కవర్లు కుట్టింది. ఈ పిల్ల అదే షెడ్డులో ఇప్పుడు సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతుంది. రెండేళ్ళ కిందట, ఇళ్ళకి పార్సిళ్ళు చేరవేసే పనిలో ఉన్నప్పుడు, మెర్వ్ గ్యారేజీకి పార్సిల్ పట్టుకెళ్ళింది. చిన్న డబ్బా, పంపింది జర్మనీ నుంచి.

"ఏముంది పెద్దాయనా ఇందులో? ఇంత చిన్న డబ్బాకి ఇంత పెద్ద అట్టపెట్టె!" అందట.

"నీలం రంగు. ఇదివరకు మనూళ్ళోనే చేసేవాళ్ళు."

"గోడకి వేస్తావా?"

"లోపలికి రా పిల్లా, చూపిస్తా. ముందు ఆ చేతి గడియారం తీసెయ్, బల్లకి తగుల్తాది."

ఆ రోజు పోవాల్సిన పార్సిళ్ళు పదకొండు ఆలస్యంగా పోయాయి. అప్పటినుంచీ శనివారం పొద్దున్నే వచ్చి గీకుతుంది. మొదటి ఏడాది గీకిందంతా తప్పేనట. మొన్న శీతాకాలంలో ఒక జానెడు మేర మెర్వ్ ఏమీ అనలేదట. ఏమీ అనలేదంటే అది ఆయన సర్టిఫికెట్. ఆ పిల్ల ఇంటికి పరిగెత్తుకెళ్ళి వాళ్ళమ్మకి చెప్పింది.

అయితే మెర్వ్‌కి డెబ్భై నాలుగు. కళ్ళకి ఏదో జబ్బు పట్టుకుంది. చుట్టూ ఉన్నవి కనబడతాయి, సరిగ్గా చూసే చోటే మసక. కళ్ళ డాక్టరమ్మ మొహమాటపడకుండా చెప్పేసింది, ఇక చూపుండేది ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్ళు. నీలం చుక్క కనబడనివాడు గీకలేడు, గీకుడు చూసి తప్పొప్పులు చెప్పలేడు. వారానికి ఒక్క పూట చొప్పున ఆ పిల్లకి పని రావాలంటే పదేళ్ళు పడుతుంది. రోజూ అయితే రెండేళ్ళలో చేతికి కుదిరి కూర్చుంటుంది. ఆయనకి కావాల్సింది ఒక్కటే, కళ్ళు పోయేలోపు ఆ పిల్లకి రోజూ నేర్పే వీలు.

అలాంటి సమయంలో ప్రభుత్వం ఏం చేసింది? మనసు మార్చుకుంది! భవిష్యత్ తయారీ కేంద్రం కడతామంది. అచ్చుల పని నేర్పుతామంది. నేర్చుకునేవాళ్ళకి జీతమిస్తామంది. చెప్పండి, ఇది వరం కాదూ? ప్రభుత్వం మాట మీదే నిలబడి ఉంటే ఇది వచ్చేదా?

మెర్వ్ దరఖాస్తు పెట్టుకున్నాడు. ముప్ఫై ఎనిమిది పేజీలు. ఆయనకి కనబడక, నేనూ థావో కూర్చుని నింపాం. "నలభై ఏళ్ళలో ఎంతమందికి నేర్పారు?" అని ఎక్కడా అడగలేదు. పంతులు పత్రం ఉందా అని మాత్రం ఏడుచోట్ల అడిగారు. ఆ పత్రం ఇచ్చే ఆఫీసు ఇందాక చెప్పానే, పన్నెండు కుర్చీల సభ, అదే. లేని ఆఫీసు ఇచ్చిన పత్రం జతచెయ్యాలి. ఏదైనా ప్రభుత్వ సర్టిఫికెట్ ఉంటే పెట్టమని చివర్లో ఉంటే, ఉన్న ఒక్కటీ పెట్టాం.

పది రోజుల్లో ఫోనొచ్చింది. పది రోజులు! ప్రభుత్వం ఆలస్యం చేస్తుందని ఎవడండీ అన్నది?

"మిస్టర్ ట్రెలోర్, శుభవార్త! కేంద్రంలో మీకు ఉద్యోగం ఖాయమైంది. మీకున్న అర్హతకి సరిగ్గా సరిపోయింది."

"ఏం ఉద్యోగమండీ?"

"కాఫీ కౌంటరు."

పంతులు ఉద్యోగం సంగతి అడిగితే, అది వేరే కమిటీ చూస్తోందని, ఓపిక పట్టమని చెప్పింది ఆ అమ్మాయి. పాపం, మర్యాదగానే చెప్పింది.

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "పోన్లేరా నోయెల్. లోపలికెళ్ళడానికి అదొక్క తలుపే తీసుంది. ముందు లోపలికెళ్తే, తర్వాత చూసుకోవచ్చు" అన్నాడు.

"పెద్దాయన కాఫీ ఇస్తే నేను తాగను. ఇంతా చేసి కాఫీయా?" అని థావో గొణిగింది.

"నా కాఫీ బానే ఉంటాదే పిల్లా. సర్టిఫికెట్ కూడా ఉంది" అన్నాడు మెర్వ్.

తర్వాత కేంద్రం వాళ్ళే ఇంకో ఫోను చేశారు. ప్రారంభోత్సవానికి పాత రోజుల గుర్తుగా ఆ బల్లని ప్రదర్శనకి ఇస్తారా అని. మెర్వ్ ఒక్క షరతు పెట్టాడు. సభ అయ్యాక దాన్ని బొమ్మలా ఉంచకూడదు, క్లాసులో పనికి వాడాలి. సరేనన్నారు. క్రేను లారీ వచ్చింది. ఆయన లారీ పక్కనే నడిచాడు, గ్యారేజీ నుంచి కేంద్రం దాకా రెండు మైళ్ళు, ఎండలో. గుంటలొచ్చినప్పుడల్లా డ్రైవరు మీద కేకలు.

ఇక ప్రారంభోత్సవం. ఫిబ్రవరి, నలభై ఒక్క డిగ్రీలు. నాలుగు వందల కుర్చీలు, రెండు షామియానాలు. నా జీవితంలో అతి పెద్ద ఆర్డరు! బయట బొగ్గుల మీద సాసేజిలు కాలుతున్నాయి. లోపల కొత్త మిషన్లకి ఇంకా ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. కాఫీ కౌంటరు వెనక మెర్వ్, కేంద్రం ఇచ్చిన నల్ల ఏప్రన్‌లో. గోళ్ళకింద నీలం. గది నడుమ ఎర్ర తాడు కట్టి బల్ల, దాని పక్కన "మన తయారీ వారసత్వం" అని బోర్డు. థావో డ్యూటీకి సెలవు పెట్టి వచ్చి, తాడు పక్కనే నిలబడింది.

రాబోయే పరిశ్రమలకి గుర్తుగా గాలిమర ఆకారంలో కేకు తెప్పించారు. ఐస్‌క్రీమ్ కేకు. ఎండకి కరక్కుండా రెండు రోజులు గడ్డకట్టించి తెచ్చారు. ఇద్దరు మోసుకుంటూ లోపలికొచ్చారు. మంత్రిగారు కత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఫొటోగ్రాఫర్లు సిద్ధంగా ఉన్నారు. కేకు పెట్టడానికి టేబుల్ లేదు.

ఎందుకు లేదు? ఆర్డరులో ఉన్న టేబుళ్ళు తొమ్మిది. నేను తెచ్చింది ఎనిమిది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి లెక్క తప్పాను. మోస్తున్నవాళ్ళ చేతులు గడ్డకట్టిపోతున్నాయి. ఒక అధికారి నా మీద విరుచుకుపడ్డాడు.

"టేబుల్ ఎక్కడయ్యా? ఇదెక్కడ పెట్టమంటావ్?"

"అదిగో, ఆ బల్ల మీద పెట్టెయ్యండి. గట్టిది" అన్నాను.

అవును. నేనే. డాక్టర్ ఫించమ్ కాదు, మంత్రిగారు కాదు. టీ కప్పు కథ తెలిసినవాణ్ణి, దరఖాస్తు నింపినవాణ్ణి, ఆ బల్ల పక్కన ఎండలో నడిచిన మనిషిని కళ్ళారా చూసినవాణ్ణి. సభ ఆగిపోతుందేమోనన్న కంగారులో నా నోటంట ఆ మాట వచ్చింది. థావో "వద్దు!" అని అరిచింది. బ్యాండు మోతలో ఎవరికీ వినపడలేదు.

మంత్రిగారు కత్తి దించాడు. కేకు రాయిలా ఉంది. రెండు చేతులా పట్టుకుని రంపంలా కోశాడు. అడుగునున్న అట్ట తెగింది. ఫొటో సరిగ్గా రాలేదంటే మళ్ళీ కోశాడు. ఇనుము మీద ఇనుము గీసుకున్న చప్పుడు వచ్చింది. కాఫీ కౌంటరు దగ్గర పాలు కాచే మిషను శబ్దం ఆగిపోయింది.

మెర్వ్ ఏప్రన్‌తోనే వచ్చాడు. మనుషులు తప్పుకున్నారు. కేకుని రెండు చేతులా ఎత్తి మంత్రిగారి చేతుల్లో పెట్టాడు. మంత్రిగారు ఏం చెయ్యాలో తెలియక అలాగే మోస్తూ నిలబడ్డాడు. కరిగిన క్రీము నారింజరంగు జాకెట్ మీద కారుతోంది. ఆ జాకెట్ కూడా నాదే, ఉతికించాల్సి వచ్చింది.

మెర్వ్ జేబులోంచి గుడ్డ తీసి బల్ల తుడిచాడు. వేలితో తడిమాడు. ఒకటి, రెండు, మూడు. మూడు గీతలు. తల తిప్పి నావైపు చూశాడు.

"నువ్వేనా చెప్పింది?"

"ఒక టేబుల్ తక్కువైంది మెర్వ్" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. ఈ ఏమీ అనకపోవడం సర్టిఫికెట్ కాదు.

థావో సంచిలోంచి నీలం డబ్బా, కొలత కడ్డీ తీసింది. ఇద్దరూ కలిసి రంగు పులిమారు. కొలత కడ్డీని ఆనించి తీశారు. "చూడు పిల్లా, గీత పడటమొక్కటే కాదు. దాని పక్కల అంచులు లేచాయి. చూడకు, తడుము. నువ్వు చెప్పు, ఎంత లేచింది?" అన్నాడు మెర్వ్. ఆ పిల్ల కళ్ళు మూసుకుని తడిమి చెప్పింది. ఆయన తలూపాడు. నాలుగు వందలమంది చుట్టూ నిలబడి చూస్తున్నారు. ఆ కేంద్రంలో జరిగిన మొదటి పాఠం అదే. నేటివరకు ఆఖరిది కూడా అదే.

డాక్టర్ ఫించమ్‌గారు ముందుకొచ్చారు. నిజంగానే ఆసక్తి కలిగింది ఆయనకి.

"బాగవడానికి ఎంతకాలం పడుతుంది?"

"గీతని మాత్రం తీసెయ్యడం కుదరదు సార్. బల్లనంతా ఆ లోతుకి దించాలి. నేను చేస్తే మూడు వారాలు. ఈ పిల్లకి నేర్పి చేయిస్తే రెండేళ్ళు."

"అయితే మీరే చేసెయ్యండి! అదే కదా సమర్థత?"

"ఇంకోసారి గీత పడితే ఎవరు చేస్తారు సార్?"

డాక్టర్‌గారు నోటుబుక్కు తీశారు. రాసుకున్నారు. మెర్వ్ ఇంకేదో చెప్పబోతుండగా, కౌంటరు దగ్గర ఇరవైమంది లైన్లో ఉన్నారని ఎవరో వచ్చి పిలిచారు. ఆయన చేతులు తుడుచుకుని కాఫీ పెట్టడానికి వెళ్ళిపోయాడు.

ఇదంతా జరిగి నాలుగు నెలలైంది. డాక్టర్ ఫించమ్‌గారి కొత్త రిపోర్టు వచ్చింది. నైపుణ్యం ఒక తరం నుంచి ఇంకో తరానికి చేతితో అందాలని నలభై మూడో పేజీలో ఉంది. ఆయన సొంత పరిశోధనలో తేలిందట! చదివి ఆనందించాను. మెర్వ్‌కి నేనే చదివి వినిపించాను. ఆ చిన్న అక్షరాలు ఆయనకి ఇక కనబడటం లేదు.

పంతులు ఉద్యోగం గురించి కూడా ఉత్తరం వచ్చింది. పాత పత్రాల బదులు అనుభవాన్ని గుర్తించే కొత్త ఆఫీసు పెడుతున్నారు, దరఖాస్తు అందింది, నిర్ణయానికి పద్నాలుగు నెలలు పడుతుంది. పద్నాలుగు నెలలంటే ఎంత? ప్రభుత్వానికి ఏమీ కాదు. అంతలో రెండుసార్లు ఆలోచన మార్చుకోవచ్చు.

కాబట్టి పాఠకులారా, నేను మొదట అన్న మాట మీదే ఉన్నాను. మాట మీద నిలబడే అలవాటు ప్రభుత్వానికి లేకపోయినా టెంట్ హౌస్ వాడికి ఉండొచ్చు కదా! మార్చుకోండి సార్, మనసు ఎన్నిసార్లయినా మార్చుకోండి. మీ మనసు మారడానికి ఒక పూట చాలు, రెండు వందల కుర్చీలు చాలు. చెయ్యి తయారవడానికే ఏళ్ళు పడుతుంది, దాన్ని పోగొట్టుకోవడానికి ఒక రిపోర్టు చాలు. పన్నెండేళ్ళ కిందట మీరు తప్పో, ఇప్పుడు ఒప్పో నాకు తెలియదు, అంత చదువు నాకు లేదు. కానీ మీ రెండు సిద్ధాంతాల మధ్య ఒక ముసలివాడి కళ్ళు పోతున్నాయి. అది మాత్రం నాకు కనబడుతోంది.

కేంద్రం వాళ్ళు గీతలు పడిన బల్ల ప్రదర్శనకి పనికిరాదని తీసుకుపొమ్మన్నారు. మెర్వ్ గ్యారేజీలో వెలుతురు ఆయన కళ్ళకి చాలడం లేదు. నా గోదాముకి తూర్పువైపు పెద్ద కిటికీలున్నాయి. షామియానాలన్నీ తీసి పెరట్లో పడేసి, బల్లని ఆ కిటికీల పక్కన దింపాను. వానొస్తే గుడ్డలు తడుస్తాయని మా ఆవిడ గోల. తడవనీ!

థావో రాత్రి డ్యూటీకి మార్పించుకుంది. రోజూ పొద్దున్నే వస్తుంది. వాళ్ళిద్దరూ నీలం పూస్తారు, గీకుతారు, తిట్టుకుంటారు. మొదటి గీత సగం పోయింది. నన్ను గడప దాటి లోపలికి రానివ్వరు, టీ కప్పు పట్టుకుని బయటే నిలబడి చూస్తుంటాను. మెర్వ్ నాతో ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడతాడు. అది న్యాయమే.

నిన్న ఒక అధికారి ఫోన్ చేశాడు. కేంద్రం పనితీరు మీద సమీక్ష జరుగుతోందట. రాబోయే ఏడాది సభ ఒకటి ఉండొచ్చట, ఎలాంటి సభో ఇప్పుడే చెప్పలేడట, సామాను మాత్రం సిద్ధంగా ఉంచమన్నాడు. ఆయనకి చెప్పిందే అందరికీ చెబుతున్నాను. కుర్చీలున్నాయి. రిబ్బనుంది, కత్తెరుంది, ఉతికించిన జాకెట్లున్నాయి. బల్ల మాత్రం ఖాళీ లేదు.